‘మేడంకి ఐఎఫ్‌పీ రాదు’: గుంటూరు ఉన్నత పాఠశాలలో ఒక గణితం తరగతి కేస్ స్టడీ

గుంటూరు నగరం అంచున ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతిలో 38 మంది పిల్లలు, డ్యూయల్ డెస్కులు. ముందు గోడకి ఆకుపచ్చ బోర్డు, దాన్ని ఆనుకుని కుడివైపు 65 అంగుళాల ఐఎఫ్‌పీ, అంటే ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెల్, వేలితోనో పెన్నుతోనో తాకి రాసే పెద్ద తెర. నాడు-నేడు పనులు జరిగిన ఉన్నత పాఠశాలలకు 2023లో ఈ ప్యానెళ్లు రావడం మొదలైంది. ఇక్కడి ప్యానెల్‌ను మాత్రం దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పి ఉంచారు. హెచ్‌ఎం చెప్పిన సమస్య ఒక్క ముక్కలో తేలిపోయింది: ‘మిగతావాళ్లు ఏదో తిప్పలు పడుతున్నారండీ, గణితం మేడంకే రాదు.’

గణితం స్కూల్ అసిస్టెంటుగా పాతికేళ్ల అనుభవం ఉన్న టీచర్ ఆమె. బోర్డు పని చూడముచ్చటగా ఉంటుంది: ఎడమ పక్క దత్తాంశం, సారాంశం, మధ్యలో పటం, కుడి పక్క నిరూపణ. వృత్తలేఖిని లేకుండానే చేత్తో గుండ్రంగా సున్నా చుట్టగలరు. ఇంత చేయి తిరిగిన మనిషికి ఒక తెర రాకపోవడమేమిటన్నది తేల్చడానికి ముందు ఆమె తరగతిని ఒక పీరియడ్ మొత్తం వెనక బెంచీ నుంచి చూడటం జరిగింది. సలహాలేమీ ఇవ్వకుండా, చేతిలో గడియారం, నోటు పుస్తకం మాత్రమే పెట్టుకుని.

45 నిమిషాల పీరియడ్‌లో ప్యానెల్ మీద పనికొచ్చే మొదటి గీత పడేసరికి 11 నిమిషాలు గడిచాయి. ఆన్ చేయడం, పెన్‌డ్రైవ్ పెట్టడం, ఫైలు వెతకడం, తెరిస్తే అక్షరాలు అడ్డదిడ్డంగా రావడం, ఫైలు మూసేసి రాతకి దిగడం, రాసింది రాసినట్టే చెరిగిపోవడం. ఆ తర్వాత తెర మధ్యలో ఎవరూ ముట్టుకోకుండానే ఒక నిలువు గీత పడింది. పిల్లలు నవ్వారు. ఆమె ప్యానెల్ ఆపేసి చాక్‌పీసు అందుకున్నారు. ఆ పరిస్థితిలో ఎవరైనా అదే చేస్తారు.

ఈ వరుసలో టీచరుకి రాని పని ఒక్కటే, ఫైలు వెతకడం. మిగతావన్నీ ప్యానెల్ బిగింపులో, సెట్టింగుల్లో, ఫైలులో ఉన్న లోపాలు. శిక్షణ అవసరమని రాసుకొచ్చే ఫిర్యాదుల్లో చాలాభాగం ఇలాంటివే. స్క్రూడ్రైవరు, మెత్తటి బ్రష్షు పట్టుకుని ఒక పూట కూర్చుంటే సగం తీరిపోతాయి.

రాసింది చెరిగిపోవడం సంగతి ముందు. పాఠశాలల్లో ఉన్న ప్యానెళ్లలో ఎక్కువ భాగం ఇన్‌ఫ్రారెడ్ టచ్‌తో పనిచేస్తాయి. అద్దానికి స్పర్శ తెలియదు. ఫ్రేము లోపలి అంచున రెండు పక్కల చిన్న చిన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు, వాటి ఎదురు పక్కల వాటిని చూసే సెన్సర్లు ఉంటాయి. అద్దానికి కొద్ది మిల్లీమీటర్ల పైన కంటికి కనపడని కిరణాల వల ఒకటి పరుచుకుని ఉంటుంది. ఆ వలకి ఏది అడ్డుపడినా టచ్ కిందే లెక్క. వేలైనా ఒకటే, పెన్ను మూతైనా ఒకటే. అడ్డుపడిన వస్తువు వెడల్పును బట్టి సన్నదైతే పెన్ను, లావుదైతే డస్టర్ అని సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. నల్లబల్ల మీద రాసే అలవాటున్న టీచర్లు చిటికెన వేలి పక్క అరచేతిని బోర్డుకి ఆనించి రాస్తారు, చేయి నిలకడగా ఉంటుంది కాబట్టి. ఇక్కడ అదే అరచేయి డస్టరైపోయి, పెన్ను రాస్తుంటే వెనకే చెరుపుకుంటూ వస్తోంది. వైట్‌బోర్డు యాప్ సెట్టింగుల్లో చేత్తో చెరిపే సదుపాయం ఆపేయగానే ఆ బాధ పోయింది. చెరపడానికి యాప్‌లోని డస్టర్ బొమ్మనే వాడాలి. ఒక్క సెట్టింగు మార్చడానికి నిమిషం పట్టలేదు. అది తెలియక ప్యానెల్ నెలల తరబడి దుప్పటి కిందే ఉంది.

ఎవరూ ముట్టుకోకుండా పడ్డ నిలువు గీతకి కారణం చాక్‌పీసు పొడి. ఆకుపచ్చ బోర్డుని పొడి డస్టరుతో తుడిచినప్పుడల్లా లేచే పొడి పక్కనే ఉన్న ప్యానెల్ ఫ్రేము కింది గాడిలో పేరుకుంటుంది. ఒక దీపానికో సెన్సరుకో అడ్డంగా పొడి చేరితే అక్కడ ఎప్పుడూ ఏదో తాకి ఉన్నట్టే ప్యానెల్ అనుకుంటుంది. గుర్తు పట్టడం తేలిక: ఉత్తుత్తి గీత ప్రతిసారీ అదే చోట వస్తే దుమ్ము. చోటు మారుతూ వస్తుంటే వేరే కారణం వెతకాలి: పైట కొంగు, మెడలో వేలాడే ఐడీ కార్డు ట్యాగు, గాజులు. వానాకాలం సాయంత్రాల్లో అయితే వెలుతురుకి చేరే పురుగులు. శుభ్రం చేసే పద్ధతి ఇది: స్విచ్‌బోర్డు దగ్గర కరెంటు ఆపాలి, వెంట్రుకలు మెత్తగా ఉండే పొడి బ్రష్షుతో నాలుగు గాళ్లూ ఒకే దిశలో ఊడ్చాలి, తర్వాత పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. తడి గుడ్డతో గాడి తుడిస్తే పొడి ముద్దయి అక్కడే అతుక్కుంటుంది, ఇంకా పాడు. తడి గుడ్డ వాడాల్సింది ఆకుపచ్చ బోర్డుకి. ఈ తరగతిలో డస్టర్ పక్కన పెట్టి బోర్డుని గట్టిగా పిండిన గుడ్డతో తుడవడం మొదలుపెట్టాక, గాడి శుభ్రం చేసే పని వారానికి ఒకసారితో సరిపోయింది. ఆ బాధ్యతని ఇద్దరు పిల్లలు తీసుకున్నారు. స్విచ్ ఆపడం మాత్రం టీచర్ చేతిలోనే.

ఏడో పీరియడ్‌లో వచ్చే చిక్కు వేరు. పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా తెర కుడి అంచు మీద పడే వేళకి ఆ పక్కన టచ్ పనిచేయడం మానేస్తుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. సెన్సరు మీద అది దండిగా పడితే దీపం వెలుగేదో ఎండేదో దానికి తేడా తెలియదు. ‘ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు’ అనే ఫిర్యాదు వస్తే ఏ పీరియడ్‌లో అని తప్పక అడగాలి. గుంటూరు ఎండకి కర్టెన్ కట్టకుండా పడమటి కిటికీ ఉన్న గదిలో ప్యానెల్ బిగించడం బిగించినవాళ్ల పొరపాటు.

ఎత్తు కూడా వాళ్ల పొరపాటే. ప్యానెల్ కింది అంచు నేల నుంచి సుమారు 120 సెంటీమీటర్ల దగ్గర ఉంది. 65 అంగుళాల తెర ఎత్తు 81 సెంటీమీటర్లు. అంటే పై అంచు రెండు మీటర్ల పైచిలుకు. టీచర్ ఎత్తు అయిదడుగులు. తెర పైభాగంలో ఉండే మెనూ అందుకోవాలంటే మునివేళ్ల మీద లేవాలి, అలా లేచినప్పుడు తూలకుండా రెండో చేయి తెరకి ఆనించాలి, ఆ చేయి మళ్లీ ఒక టచ్. తొమ్మిదో తరగతి పిల్లల్లో పొట్టివాళ్లకి సగం తెర అందదు. బ్రాకెట్ విప్పి కిందికి దించితే మేలు. కాని ఆ సైజు ప్యానెల్ సుమారు 40 కిలోల బరువు, ఇద్దరు మనుషులు, డ్రిల్లింగ్ మిషన్, గోడకి కొత్త రంధ్రాలు కావాలి. వారంటీ ఉన్నన్నాళ్లు కంపెనీ మనిషి చేత చేయించడమే మంచిది. అప్పటిదాకా రెండు ఏర్పాట్లు చేశారు: 15 సెంటీమీటర్ల ఎత్తున్న వెడల్పాటి చెక్క వేదిక, టూల్‌బార్‌ని తెర పైనుంచి కింది ఎడమ మూలకి లాగి పెట్టడం. వేదిక వెడల్పుగా ఉండటం ముఖ్యం. స్టూలు పెడితే ఎవరో ఒకరు పడతారు.

ఇక అడ్డదిడ్డం అక్షరాలు. ఆ పాఠం స్లైడ్లు ఊళ్లో డీటీపీ చేసేవాళ్ల దగ్గర అను ఫాంట్లలో టైపు చేయించినవి. అను ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగు సంకేతంగా నిల్వ ఉండదు, ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో ముత్యాల్లా కనిపిస్తుంది. ప్యానెల్‌లోని ఆండ్రాయిడ్‌కి ఆ ఫాంటు లేదు గనక ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు చెత్త చూపిస్తుంది. టైపు చేసిన కంప్యూటర్లోనే పీడీఎఫ్‌గా మార్చి తెచ్చుకుంటే అక్షరాల ఆకారాలు ఫైలుతో పాటే వస్తాయి, ఇబ్బంది ఉండదు. కాని దాంట్లో దిద్దుబాట్లు కుదరవు. కొత్తగా చేసే ప్రతి స్లైడూ యూనికోడ్‌లో చేస్తే దీర్ఘకాలంలో హాయి: ఫోన్లో టైపు చేసే తెలుగే యూనికోడ్, ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఈ టీచర్ వాట్సాప్‌లో రోజూ తెలుగులోనే టైపు చేస్తారు. అదే తెలుగు స్లైడుకీ పనికొస్తుందని ఎవరూ చెప్పలేదంతే.

అక్షరం సైజు కూడా చూడాలి. మామూలు వెడల్పు స్లైడు ఎత్తు 540 పాయింట్లు. అది 81 సెంటీమీటర్ల తెర మీద పరుచుకుంటే ఒక పాయింటుకి మిల్లీమీటరున్నర వస్తుంది. 24 పాయింట్ల అక్షరానికి కేటాయించిన చోటు 36 మిల్లీమీటర్లు. అందులో పైన గుడులకి, కింద వత్తులకి వదిలేస్తే అసలు అక్షరానికి మిగిలేది సగం. ఏడు మీటర్ల దూరంలో చివరి బెంచీ నుంచి ‘వృత్తం’లో వట్రసుడి, త-వత్తు ఆనవు. 40 పాయింట్లకి పెంచితే ఆనాయి. అంత సైజులో స్లైడుకి ఆరేడు వరుసలకి మించి పట్టవు. పట్టనిది నోటితో చెప్పాలి, స్లైడు ఉండాల్సింది అంతే.

ఇవన్నీ సరిచేశాకే టీచరుతో కూర్చునే పని మొదలైంది. మొదటి రెండు వారాలకి మూడే మూడు పనులు: పెన్నుతో రాయడం, కొత్త పేజీ తీయడం, పీరియడ్ అయ్యాక పీడీఎఫ్‌గా దాచుకోవడం. వీడియోలు, ఆటలు, క్విజ్‌లు ఏవీ వద్దు. ఒక్క పూట శిక్షణలో పాతిక సదుపాయాలు చూపిస్తే మర్నాటికి గుర్తుండేది పెద్ద బోర్డు మీద యూట్యూబ్ వస్తుందన్న ముక్కే. అందుకే చాలా బళ్లలో ఐఎఫ్‌పీ చివరికి టీవీ అయి కూర్చుంటుంది.

ఆన్ చేయడానికి వేళ కూడా మార్చారు. హాజరు వేయడానికి ముందే స్విచ్ వేస్తే, పేర్లు పిలిచేలోపు తెర సిద్ధమవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఒకటే ఫోల్డరు, దానికి తరగతి పేరు, లోపల ఫైళ్లకి ముందు తేదీ. కరెంటు పోవడం గురించి వేరే చెప్పాలా: ప్యానెల్‌కి యూపీఎస్ లేదు, కరెంటు పోతే దాచని పేజీ పోయినట్టే. ఒక పటం పూర్తికాగానే దాచుకునే అలవాటు చేసుకున్నారు. లాప్‌టాప్ కలిపే రోజుల్లో రెండు తీగలు కావాలి. హెచ్‌డీఎంఐ బొమ్మని, మాటని తీసుకెళ్తుంది. టచ్‌ని వెనక్కి తెచ్చేది యూఎస్‌బీ తీగ. రెండోది పెట్టకుండా ‘బొమ్మ వస్తోంది, టచ్ రావట్లేదు’ అని ఫోన్లు చేస్తుంటారు. తెర మీద బొమ్మలు చీమల్లా కనిపిస్తే లాప్‌టాప్ రిజల్యూషన్ 1920 బై 1080కి తగ్గించాలి.

మూడో వారంలో జియోజీబ్రా, అంటే గీసిన పటంలో బిందువుల్ని లాగి కదిలించగలిగే గణితం యాప్. అధ్యాయం వృత్తాలు. ‘ఒక చాపం కేంద్రం వద్ద చేసే కోణం, ఆ చాపం వృత్తపు మిగిలిన భాగంపై ఏదైనా బిందువు వద్ద చేసే కోణానికి రెట్టింపు.’ ఈ సిద్ధాంతంలో పిల్లలు ‘రెట్టింపు’ని పట్టుకుంటారు, ‘మిగిలిన భాగం’ అన్న మాటని వదిలేస్తారు. నల్లబల్ల మీద బిందువు కదలదు కాబట్టి ఆ మాటతో అవసరమూ పడదు. కదిలే తెర అవసరమయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే.

మొదటి ప్రయత్నం తేలిపోయింది. ‘ఓ’ బిందువు కేంద్రంగా వృత్తం, దాని మీద ‘ఏ’, ‘బి’, ‘పి’ బిందువులు, రెండు కోణాలు. పూర్ణాంకాలకి సవరించి చూపమని సెట్టింగు. ఒక అబ్బాయి పి ని లాగబోయి బి ని లాగాడు. తెర మీద కేంద్ర కోణం 81, పి దగ్గర 41. ‘రెట్టింపు కాలేదండి టీచర్.’ అసలు విలువలు 81.4, 40.7. విడివిడిగా సవరించేసరికి సిద్ధాంతం తప్పినట్టు కనిపించింది. ఒక దశాంశ స్థానం చూపినా ఒక్కోసారి ఇదే తంటా వస్తుంది. పిల్లవాడు బి ని ముట్టుకోగలగడమే ఇక్కడ లోపం.

సరిచేసిన నిర్మాణం ఇలా వచ్చింది. ముందు ‘ఓ’ కేంద్రంగా ‘ఏ’ గుండా వృత్తం. తర్వాత ఇచ్చిన కొలతతో కోణం గీసే పరికరం తీసుకుని ఏ ని, ఓ ని తాకి 80 డిగ్రీలు ఇవ్వాలి. కొత్త బిందువు వృత్తం మీదే పడుతుంది, దానికి బి అని పేరు మార్చుకోవాలి. ఇప్పుడు బి ని ఎవరూ లాగలేరు. పి ని పెట్టేటప్పుడు వేలు కచ్చితంగా వృత్తపు గీత మీద పడాలి. గీతకి అతుక్కుంటే బిందువు లేత నీలంలో ఉంటుంది. ముదురు నీలంలో ఉంటే అది స్వేచ్ఛా బిందువు, లాగితే వృత్తం వదిలి పారిపోతుంది. బిందువుల సైజు బాగా పెంచాలి, వేలికి దొరకాలిగా. నిర్మాణం అయ్యాక కదిలించే పరికరాన్ని తప్పక ఎంచుకోవాలి. బిందువు పెట్టే పరికరమే మిగిలి ఉంటే పిల్లవాడు ముట్టుకున్నచోటల్లా కొత్త బిందువు పుడుతుంది. చివరిది కోణం సెట్టింగు. జియోజీబ్రా కోణాన్ని గడియారం ముల్లుకి ఎదురు దిశలో కొలుస్తుంది. పి చిన్న చాపం మీదికి దాటగానే 40 కాస్తా 220 అవుతుంది. కోణాన్ని 0 నుంచి 180 మధ్యే చూపమని పెడితే సరిగ్గా 140 వస్తుంది.

రెండో రోజు తెర దగ్గర ఒక అమ్మాయి. టీచర్ మూడో బెంచీ పక్కన నిలబడ్డారు. పి నెమ్మదిగా పెద్ద చాపం మీద జరుగుతోంది. 40, 40, 40. పిల్లలకి విసుగు పుట్టేలోపు పి, బి ని దాటింది. 140. గది ఒక్కసారి గొల్లుమంది. ‘చెడిపోయింది టీచర్!’ టీచర్ తొందరపడలేదు. మళ్లీ వెనక్కి లాగమన్నారు, 40. ముందుకి, 140. ‘ఏ’ బిందువు దగ్గర కూడా అలాగే మారుతోంది. ‘పుస్తకంలో వాక్యం ఒకసారి గట్టిగా చదువు’ అని ఒకడిని లేపారు. ‘మిగిలిన భాగంపై’ అన్న మాట దగ్గర ఆపారు. పి ఇప్పుడు మిగిలిన భాగం మీద ఉందా, చాపం మీదే కూర్చుందా? అప్పుడు కేంద్రం దగ్గర అటువైపు కోణాన్ని వేరే రంగులో చూపించారు: 280. అందులో సగం 140. వెనక బెంచీలో ఒకడు లెక్క ముందే కట్టేశాడు, 360 లోంచి 80 తీసేసి.

ఆ 12 నిమిషాల్లో టీచర్ ప్యానెల్‌ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. అయిదుగురు పిల్లలు ముట్టుకున్నారు. ఈ కేసులో ప్రగతికి కొలబద్దగా పెట్టుకున్నవి రెండే: మొదటి పనికొచ్చే గీతకి పట్టిన సమయం, తెర దాకా వచ్చిన పిల్లల సంఖ్య. ఆరో వారానికి మొదటిది రెండు నిమిషాల లోపుకి దిగింది.

తర్వాత నిరూపణ మొత్తం ఆకుపచ్చ బోర్డు మీద, చాక్‌పీసుతో. పాత అలవాటు కొద్దీ చేసిన పని కాదది, ఆలోచించి నిలుపుకున్నది. ప్యానెల్ మీద పేజీ మారితే మొదటి సోపానాలు కళ్లముందు నుంచి పోతాయి. నిరూపణలో ఆరో సోపానం దగ్గర తడబడ్డ పిల్లవాడికి రెండో సోపానం కనపడుతూ ఉండాలి. కదలాల్సింది ప్యానెల్ మీద, నిలవాల్సింది బోర్డు మీద. ఈ విభజన టీచర్ సొంతంగా చేసుకున్నదే. తర్వాత స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బళ్ల సమూహం) సమావేశంలో మిగతా గణితం టీచర్లకి చూపించడానికి కూడా ఇదే పనికొచ్చింది.

తేలని సంగతులు కొన్ని ఉన్నాయి. పడమటి కిటికీకి తెర ఇంకా రాలేదు. తొమ్మిదో తరగతి గణితాన్ని ఏడో పీరియడ్ నుంచి రెండో పీరియడ్‌కి మార్చి హెచ్‌ఎం సర్దుబాటు చేశారు, ఏడో పీరియడ్ ఇప్పుడు సాంఘికశాస్త్రం మాస్టారికి పడింది. ప్యానెల్‌తో వచ్చిన రెండు పెన్నుల్లో ఒకటి కనపడటం లేదు. ఉన్నదానికి నైలాన్ దారం కట్టి వేదిక పక్కన మేకుకి తగిలించారు, దారం తెర ముందు వేలాడకుండా ఎడమవైపు.